లా కాలేజీల్లో పబ్లిక్ లెక్చర్లు: నా మార్కులన్నీ చివరి పావుగంటకే

బిర్యానీకీ మిక్సీలకీ రివ్యూలు రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. లా యూనివర్సిటీల్లో చట్టాల మీద, ప్రభుత్వ విధానాల మీద జరిగే పబ్లిక్ లెక్చర్లకి ఎవరూ రాసినట్టు నాకు కనపడలేదు. ఇదీ ఒక సర్వీసే కదా. "అందరూ ఆహ్వానితులే, ప్రవేశం ఉచితం" అని పోస్టర్ మీద వేసేది వాళ్లే. వేశారు కాబట్టి వెళ్లి, విని, ఎలా ఉందో చెప్పే హక్కు మనకుంది.

నేను లాయర్ని కాను. సికింద్రాబాద్ వైపు ఒక కోర్టు ఎదురుగా టైపింగ్, జిరాక్స్ షాపు నడుపుతాను. వకాల్తాలు, అఫిడవిట్లు, బెయిలు పిటిషన్లు, రెంటల్ అగ్రిమెంట్లు, అప్పుడప్పుడూ ఓ వీలునామా. సెక్షన్ నంబర్లు నా వేళ్లకి వచ్చు. ఆ సెక్షన్ అలా ఎందుకుందో అడిగే వీలు మాత్రం షాపులో దొరకదు. ప్లీడరు గారు నిలబడి చెప్తూ ఉంటారు, వెనకాల గుమాస్తా టైము చూస్తుంటాడు, పదిన్నరకి కోర్టు మొదలవుతుంది. అడిగితే "అవన్నీ నీకెందుకమ్మా, కొట్టు" అంటారు. అందుకే ఈ లెక్చర్లకి వెళ్లడం మొదలుపెట్టాను. హైదరాబాద్ లోపలా బయటా విన్నాను, చుట్టాలింటికి విశాఖ వెళ్లినప్పుడు అక్కడా విన్నాను.

నాకు ఇబ్బంది కలిగిన చోట కాలేజీల పేర్లు రాయను. అక్కడ చదివినవాళ్లు చాలామంది మా షాపుకే వస్తారు, కొందరికి నా దగ్గర ఖాతా కూడా ఉంది.

ముందు చేరుకోవడం సంగతి. లెక్చర్ ఉందని తెలుసుకోవడమే ఒక పని. పేపర్లో మర్నాడు శాలువా ఫొటో వస్తుంది గానీ ముందు రోజు ప్రకటన రాదు. కాలేజీ ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనో లింక్డిన్‌లోనో రెండు మూడు రోజుల ముందు పోస్టర్ పెడతారు. కింద క్యూఆర్ కోడ్, దాన్ని నొక్కితే గూగుల్ ఫారం. అందులో మీరెవరు అనే దగ్గర స్టూడెంట్, ఫ్యాకల్టీ, అడ్వొకేట్, అదర్స్ అని గడులుంటాయి. నేను ఎప్పుడూ అదర్సే. తర్వాత దూరం. ఉస్మానియా పీజీ లా కాలేజీ బషీర్‌బాగ్‌లో, ఊరి నడిమధ్యన ఉంది కాబట్టి సరిపోయింది. జాతీయ లా యూనివర్సిటీలు అలా కాదు. నల్సార్ శామీర్‌పేటలో, విశాఖవాళ్ల దామోదరం సంజీవయ్య యూనివర్సిటీ సబ్బవరంలో. సాయంత్రం లెక్చర్ అయితే వెళ్లడం కన్నా తిరిగి రావడమే టెన్షన్.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన "ఎవర్ని కలవాలి మేడమ్?" అంటాడు. ఫోన్లో పోస్టర్ చూపించాలి. హాలు ముందు మెడలో ట్యాగులేసుకుని నిలబడే పిల్లలు మాత్రం చాలా మర్యాదస్తులు, ఈ విషయంలో ఏ కాలేజీకీ వంక పెట్టలేను. ఒకచోట ఓ అమ్మాయి "ఆంటీ, మీరు ఎవరి పేరెంట్?" అని అడిగింది. "ఎవరి పేరెంటూ కాదమ్మా, మీ పోస్టర్లో రాసిన పబ్లిక్‌ని" అన్నాను. పాపం కంగారుపడి తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఐదు నిమిషాలకి ఇంకెవరో వచ్చి, ఆ వరస జడ్జిగార్లకి అని లేపేశారు.

ఇక మొదటి అరగంట. నాలుగింటికి అని వేస్తే నాలుగున్నరకి మొదలవుతుంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, మొక్కల కుండీలతో సత్కారం (పూలబొకేలు మానేసి మొక్కలిస్తున్నారు, ఇది మంచి మార్పు), వైస్ చాన్సలర్ గారి స్వాగతం. ఆ తర్వాత వక్త గారి పరిచయం. ఎక్కడ చదివారు, ఏ సంవత్సరం ఎన్‌రోల్ అయ్యారు, ఏయే కమిటీల్లో ఉన్నారు, ఎన్ని పేపర్లు రాశారు, మొత్తం చదువుతారు. ఆ కాగితం హాల్లో అందరి ఫోన్లలోనూ ఉంటుంది, పోస్టర్‌తో పాటే పంపారు కాబట్టి. ఈ అరగంటని ఎందుకు ఇంతగా తప్పుపడుతున్నానంటే, ఆ టైము ఎక్కడో ఒకచోట కోసుకోవాలి. వక్త ప్రసంగంలో కొయ్యలేరు, వందన సమర్పణలో కొయ్యరు. కోసేది ప్రశ్నల టైములోనే.

నేను మార్కులు వేసేది కూడా ప్రశ్నల టైముకే. ప్రసంగం ఎంత బాగున్నా యూట్యూబ్‌లో వినొచ్చు. బయటివాళ్లు లేచి నిలబడి, చట్టం తెలిసిన మనిషిని ఎదురుగా ఒక మాట అడిగి జవాబు తీసుకునే చోటు ఇదొక్కటే. కన్సల్టేషన్ ఫీజు లేకుండా.

కొత్త క్రిమినల్ చట్టాల లెక్చర్ గురించి చెప్తాను. 2024 జులై 1న మూడు పాత చట్టాలూ పోయి మూడు కొత్తవి వచ్చాయి. 1860 నాటి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో నాగరిక్ సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్టు స్థానంలో సాక్ష్య అధినియమ్. ఆ సీజన్లో ప్రతి లా కాలేజీలోనూ దీనిమీదే లెక్చర్లు. మాకైతే షాపులో టెంప్లేట్లన్నీ తిరగరాసుకునే పని పడింది. నంబర్లు మారితే ఫర్లేదు, కొత్తవి నేర్చుకుంటాం. పాత నంబరే వేరే అర్థంతో మళ్లీ ఎదురైతేనే చిక్కు. సీఆర్‌పీసీలో 482 అంటే కేసు కొట్టేయమని హైకోర్టుని అడిగే క్వాష్ పిటిషన్. కొత్త చట్టంలో 482 అంటే ముందస్తు బెయిలు, క్వాష్ ఏమో 528కి వెళ్లింది. 144 అంటే నలుగురు గుమిగూడకూడదని ఊరంతటికీ తెలుసు. ఇప్పుడు అది 163. కొత్త 144 ఏంటంటే భార్యాపిల్లల మనోవర్తి, పాత 125. ఒక ఆడమనిషి కోసం "144 పిటిషన్" అని కొట్టిస్తుంటే పక్కన జిరాక్స్ కోసం నిలబడ్డాయన "కర్ఫ్యూ ఏమైనా పెట్టారా?" అని అడిగాడు.

నేను విన్న వక్త ఒక సీనియర్ క్రిమినల్ లాయరు. రాజద్రోహం పేరు తీసేశామన్నా న్యాయ సంహిత 152లో ఏముందో చూడండి, పోలీసు కస్టడీ పదిహేను రోజుల్ని విడతలుగా ఎలా తీసుకోవచ్చో చూడండి అని సెక్షన్ల వారీగా వెళ్లారు. సూటిగా చెప్పారు, ఒక్క కవిత్వం పంక్తి కూడా లేదు, ఆ పుణ్యం ఉంది. ఆరోజు ప్రశ్నలకి ఇరవై నిమిషాలు దొరికాయి. నేను లేచి అడిగాను: నేరం జూన్‌లో జరిగి, ఎఫ్ఐఆర్ జులై 1 తర్వాత కడితే మేము పిటిషన్లో ఏ చట్టం కొట్టాలి సార్ అని. వెనకాల పిల్లలు కొంచెం నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఇది హైకోర్టులు కూడా తేల్చాల్సి వచ్చిన ప్రశ్న" అని మొదలుపెట్టి, నేరానికి ఐపీసీ సెక్షనే, ఎందుకంటే చేసిననాడు లేని చట్టంతో శిక్షించలేరు. పద్ధతికి మాత్రం కొత్త సంహిత, బెయిలు పిటిషన్ కూడా కొత్త సెక్షన్ కిందే వెయ్యాలి అని చెప్పారు. పిటిషన్ పైభాగంలో ఒక చట్టం, లోపల ఇంకో చట్టం ఎందుకు వస్తుందో ఆరోజు అర్థమైంది. అప్పటిదాకా గుమాస్తాలు ఒక్కొక్కరు ఒక్కో రకంగా కొట్టించేవారు. మర్నాడు ఆ సంగతి రాసి కీబోర్డు పక్కన అంటించాను. ఆ లెక్చర్‌కి పదికి తొమ్మిది. ఒకటి ఏసీకి తీసేశాను, హాలంతా శాలువాలు కావాల్సినంత చలి, శాలువాలేమో స్టేజీ మీదవాళ్లకే.

దీనికి పూర్తిగా వ్యతిరేకం ఎస్సీ వర్గీకరణ లెక్చర్. ఇది ఇంకో కాలేజీ. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 6-1తో తీర్పు ఇచ్చింది: రాష్ట్రాలు ఎస్సీల్ని ఉపవర్గాలుగా విభజించవచ్చు అని. ఈ కథకి మూలం మన దగ్గరే. 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004లో చిన్నయ్య కేసులో ఐదుగురు జడ్జీలు కొట్టేశారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ తీర్పే తప్పని తేలింది. ఆ తర్వాత తెలంగాణ చట్టం చేసి, 2025 ఏప్రిల్ 14 నుంచి ఎస్సీల పదిహేను శాతం రిజర్వేషన్ని మూడు గ్రూపులకి 1, 9, 5గా పంచింది. ఆంధ్రప్రదేశ్ 1, 6.5, 7.5గా పంచింది. అంటే వక్త మాట్లాడబోయేది హాల్లో కూర్చున్నవాళ్ల పిల్లల ఉద్యోగాల గురించి. అంతమంది బయటివాళ్లు వచ్చిన లెక్చర్ నేను ఇంకోటి చూడలేదు. గోడల పక్కన నిలబడ్డారు. లాయర్లు, టీచర్లు, కోచింగ్ సెంటర్ల పిల్లలు, సంఘాల నాయకులు, ఒప్పుకునేవాళ్లూ ఒప్పుకోనివాళ్లూ ఇద్దరూ.

ప్రసంగం చెడ్డది కాదు. క్రీమీలేయర్ గురించి, అంటే ఎస్సీల్లో బాగా స్థిరపడినవాళ్లని రిజర్వేషన్ నుంచి తప్పించడం గురించి, నలుగురు జడ్జీలు రాసింది ఆ కేసులో తేల్చాల్సిన ప్రశ్న కాదు కాబట్టి అది ఇంకా రాష్ట్రాల్ని కట్టిపడేసే మాట కాదని విడమరిచి చెప్పారు. పేపర్లు చదివి నేను వేరేలా అనుకున్న విషయం అది. కానీ సన్మానాలకి ముప్పావుగంట పోయింది. ముఖ్య అతిథి గారికి ఫ్లైటు ఉందని ప్రశ్నల సెషన్ తీసేశారు. నా పక్కన కూర్చున్న పెద్దాయన, రిటైరైన హెడ్మాస్టరట, ప్రశ్నని నోటుబుక్కులో చక్కటి దస్తూరీతో రాసుకుని వచ్చాడు. మైకు పట్టుకున్న పిల్లాడికి చెయ్యి ఊపాడు. పిల్లాడు స్టేజీ వైపు చూశాడు, స్టేజీ మీంచి ఎవరో తల అడ్డంగా ఊపారు. ఆ తర్వాత వందన సమర్పణ పన్నెండు నిమిషాలు. లైటింగు, సౌండ్ సిస్టం, హౌస్‌కీపింగ్ దాకా అందరికీ ధన్యవాదాలు చెప్పారు. అంతదూరం నుంచి వచ్చి నిలబడి విన్నవాళ్లకి మాత్రం చెప్పలేదు.

ఆ హెడ్మాస్టరు గారి ప్రశ్నకి జవాబు చివరికి టీ బల్ల దగ్గర దొరికింది. అక్కడి యువ అధ్యాపకుడు ఒకాయన సమోసా ప్లేటు పక్కన పెట్టి, ఆ నోటుబుక్కు తీసుకుని చదివి, చట్టం రాకముందే నోటిఫై అయిన ఖాళీలకి ఇది వర్తించదని, మీ అబ్బాయి రాసిన నోటిఫికేషన్ తేదీ చూసుకోవాలని తెలుగులో చెప్పాడు. మూడు నిమిషాల పని. ఆయన్ని స్టేజీ ఎక్కించి ఉంటే బాగుండేది. లెక్చర్‌కి పదికి మూడు, ఆ అధ్యాపకుడికి పదికి పది.

ఇంతకీ ఈ లెక్చర్ల వల్ల ఏం ఒరుగుతుంది అని మా ప్లీడర్లే అడుగుతారు. వాళ్లకి నేను చెప్పే జవాబు నాకు తెలిసింది కూడా ఒక లెక్చర్లోనే. కేశవానంద భారతి తీర్పుకి యాభై ఏళ్లయిన 2023లో దానిమీద చాలాచోట్ల ప్రసంగాలు జరిగాయి. నేను వెళ్లినచోట మాట్లాడినావిడ రాజ్యాంగం బోధించే ప్రొఫెసర్. స్లైడ్లు లేవు, చేతిలో రెండు కాగితాలు. ఆవిడ కేసు దగ్గర మొదలుపెట్టలేదు, ఒక లా కాలేజీ లెక్చర్ దగ్గర మొదలుపెట్టారు.

1965 ఫిబ్రవరిలో డీటర్ కాన్రాడ్ అనే జర్మన్ న్యాయ పండితుడు కాశీలో, బనారస్ హిందూ యూనివర్సిటీ లా ఫ్యాకల్టీలో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. హైడల్‌బర్గ్ యూనివర్సిటీ మనిషి. విషయం ఏంటంటే, రాజ్యాంగాన్ని సవరించే అధికారానికి పైకి రాయని హద్దులు ఉన్నాయా అని. అంతకు కొద్ది నెలల ముందే, 1964 అక్టోబరులో, సజ్జన్ సింగ్ కేసులో పార్లమెంటు ప్రాథమిక హక్కుల్ని కూడా సవరించవచ్చని సుప్రీంకోర్టు చెప్పి ఉంది. 1951 నాటి శంకరీ ప్రసాద్ కేసులోనూ అదే మాట. అలాంటి టైములో ఈయన కొన్ని మొండి ప్రశ్నలు వేశాడు. సవరణ పేరుతో ఇరవై ఒకటో అధికరణాన్నే తీసేసి, చట్టం అనుమతి లేకుండానే మనిషి ప్రాణం తీయవచ్చు అని రాసుకోవచ్చా? రాజ్యాంగాన్నే రద్దు చేసి మళ్లీ మొగలు చక్రవర్తినో ఇంగ్లండ్ రాజరికాన్నో తీసుకురావచ్చా? అవి ఊరికే వేసిన ప్రశ్నలు కావు. 1933లో వాళ్ల దేశంలో అప్పటి రాజ్యాంగం (వైమార్ రాజ్యాంగం అంటారు) సవరణకి కావాల్సిన మెజారిటీతోనే హిట్లర్ చేతికి పగ్గాలు వెళ్లాయి. అందుకే యుద్ధం తర్వాత 1949లో రాసుకున్న రాజ్యాంగంలో, 79(3) అధికరణంలో, కొన్ని మూలసూత్రాల్ని ఏ మెజారిటీ కూడా ముట్టుకోకూడదని కట్టుదిట్టం చేసుకున్నారు.

ఆ ఉపన్యాసం కాపీ ఎం.కె. నంబియార్ అనే లాయరు చేతికి చేరింది. ఆయన గోలక్‌నాథ్ కేసులో దాన్ని పట్టుకుని సుప్రీంకోర్టులో వాదించాడు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి మన రాజమండ్రి కోకా సుబ్బారావు గారు. 1967 ఫిబ్రవరి 27న 6-5తో ప్రాథమిక హక్కుల్ని తగ్గించే సవరణలు చెయ్యడానికి వీల్లేదని తీర్పు వచ్చింది. రాయని హద్దులున్నాయన్న వాదనలో బలం ఉందన్నారు గానీ దాని మీద అప్పుడు తేల్చలేదు. తేలింది 1973 ఏప్రిల్ 24న, కేశవానంద కేసులో. పదమూడు మంది జడ్జీలు, 68 రోజుల వాదనలు, 7-6 తీర్పు. రాజ్యాంగ మౌలిక స్వరూపాన్ని మార్చే అధికారం పార్లమెంటుకి లేదు. మొగ్గు తేల్చిన జస్టిస్ ఖన్నా తన తీర్పులో కాన్రాడ్ మాటల్ని ఎత్తి రాశారు. కాశీలో పిల్లల ముందు చదివిన కాగితం ఎనిమిదేళ్లకి దేశ రాజ్యాంగానికి హద్దు గీసింది.

ఆవిడ ఇక్కడ ఒక చిన్న కొసరు వేశారు. ఎడనీరు మఠాధిపతి కేశవానంద భారతి వచ్చింది కేరళ భూసంస్కరణల నుంచి మఠం భూముల్ని కాపాడుకోవడానికి. దేశానికి సిద్ధాంతం మిగిలింది, ఆయనకి భూములు మిగల్లేదు. కక్షిదారులెప్పుడూ అంతే అని మా షాపులో రోజూ చూస్తాను కాబట్టి నాకు నవ్వొచ్చింది.

ప్రసంగం నలభై నిమిషాలు, ప్రశ్నలు యాభై నిమిషాలు. ఎవరు సవాలు చేసినా ఆవిడ కంగారుపడలేదు. ఒక కుర్రాడు "ఎన్నికైన పార్లమెంటు కన్నా ఎన్నికకాని జడ్జీలు ఎందుకు ఎక్కువ?" అని నిలదీశాడు. దానికి ఆవిడ "నీ ప్రశ్న ఆరుగురు జడ్జీల పక్షాన ఉంది, వాళ్ల తీర్పులు చదువు, అవీ బలంగానే ఉంటాయి" అన్నారు. మౌలిక స్వరూపం అంటే ఏమేమిటో లిస్టు ఎక్కడుందని నేను అడిగాను. లిస్టు లేదని, కేసు కేసుకీ కోర్టే చెప్తూ వచ్చిందని, అదే దాని బలమనీ అదే దానిమీద ఫిర్యాదనీ చెప్పారు. ఇలాంటి లెక్చర్ ఒకటి దొరికితే పది పాడు లెక్చర్లు ఓర్చుకోవచ్చు.

వీలునామాలు టైపు చేసేదాన్ని కాబట్టి ఇంకో ముచ్చట. మన దేశంలో ఇలాంటి లెక్చర్లకి పాత పేరు కలకత్తా యూనివర్సిటీ టాగోర్ లా లెక్చర్లు, 1870 నుంచి ఉన్నాయి. 1868లో పోయిన ప్రసన్న కుమార్ టాగోర్ వీలునామాలో డబ్బు పెట్టి వెళ్తే మొదలయ్యాయి. అదే వీలునామాలో ఆయన, క్రైస్తవంలోకి మారిన కొడుకు జ్ఞానేంద్ర మోహన్‌కి ఆస్తి దక్కకుండా, ఇంకా పుట్టనివాళ్లకి కూడా తరతరాలకి చెందేలా ఏర్పాట్లు రాశాడు. కొడుకు బారిస్టరు, ఊరుకుంటాడా? కేసు అప్పట్లో అన్నిటికన్నా పై కోర్టైన లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది, 1872లో ఆ పుట్టనివాళ్ల ఏర్పాట్లు చెల్లవని తేలింది. లా లెక్చర్లు పెట్టించిన వీలునామాయే లా విద్యార్థులు చదివే కేసైపోయింది. ఇంగ్లండ్‌లో ఎమ్మా హామ్లిన్ అనే ఆవిడ, ఒక సొలిసిటర్ కూతురు, మామూలు జనానికి చట్టం తెలియాలని ఆస్తి రాసి వెళ్తే 1949లో హామ్లిన్ లెక్చర్లు మొదలయ్యాయి. మామూలు జనం అని ఆవిడ కాగితం మీద రాసి మరీ పెట్టింది. మన పోస్టర్లు తయారుచేసేవాళ్లు ఆ లైను గోడకి అంటించుకుంటే మంచిది.

భాష గురించి నా ఫిర్యాదు పెద్దది. తొంభై పాళ్లు ఇంగ్లీషే. వక్త ఢిల్లీ నుంచి వస్తే తప్పదు, ఒప్పుకుంటాను. వక్త గుంటూరాయన, వినేవాళ్లు వరంగల్ వాళ్లు అయినా ఇంగ్లీషే. హైకోర్టులో ఇంగ్లీషు ఉండాలని 348 అధికరణం చెప్పింది గానీ సెమినార్ హాలుకి ఆ అధికరణం వర్తించదు. హైకోర్టే కదిలింది: 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ధర్మాసనం మచ్చబొల్లారం భూమి తగాదాలో తెలుగులో తీర్పు రాసింది. అది మా ఇంటి దగ్గర ఊరే, ఆ తీర్పు కాపీ షాపులో ఎంతమందికి ప్రింటు తీసిచ్చానో. చదివినవాళ్లు మొదటిసారి లాయరుని అడక్కుండా తీర్పు అర్థం చేసుకున్నారు. ప్రసంగం ఇంగ్లీషులో పెట్టుకున్నా పర్వాలేదు, ప్రశ్న తెలుగులో అడగొచ్చని మొదట్లోనే మైకులో చెప్తే చాలు, చేతులు రెట్టింపు లేస్తాయి. ఇంగ్లీషులో తడబడతామన్న భయంతో ప్రశ్న మింగేసినవాళ్లని ప్రతి లెక్చర్లోనూ చూస్తాను.

యూట్యూబ్ రికార్డింగుల్ని నమ్ముకోవద్దు. కరోనా తర్వాత అందరూ పెడుతున్నారు, మంచిదే, కానీ మైకు స్టేజీ మీద ఒకటే ఉంటుంది. హాల్లోంచి వచ్చిన ప్రశ్న వినపడదు, జవాబు మాత్రం వినపడుతుంది. కొన్ని కాలేజీలైతే ప్రశ్నల భాగం కోసేసి పెడతాయి. జ్యోతి ప్రజ్వలన మాత్రం పూర్తిగా ఉంటుంది.

టీ గురించి: మిషన్ టీ, ఉస్మానియా బిస్కెట్టు, సమోసా. సమోసా కొత్తచోట బాగుంటుంది, పాతచోట చల్లారి ఉంటుంది. సర్టిఫికెట్ కావాలా అని అడుగుతారు, పిల్లలకి అది కావాలి కాబట్టే సగం హాలు నిండుతుంది. అటెండెన్స్ కోసం వచ్చిన పిల్లలు వెనక వరసల్లో ఫోన్లు చూస్తుంటారు, వాళ్లని చూసి మనం నీరసపడక్కర్లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకి నా సలహాలు. పోస్టర్‌లో ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి అని ముగ్గురు నలుగురి ఫొటోలుంటే ప్రశ్నల టైము ఉండదని అనుకోవచ్చు. ఒకే ఫొటో, కింద ఒకే శీర్షిక ఉంటే తప్పకుండా వెళ్లండి. పెద్ద పదవిలో ఉన్నవాళ్ల కన్నా పుస్తకం రాస్తున్న ప్రొఫెసర్లు, పదవీ విరమణ చేసిన జడ్జీలు విడమరిచి మాట్లాడతారు. పదవిలో ఉన్నవాళ్లు కోర్టు ముందున్న విషయం అని దాటేస్తారు, అది వాళ్ల ధర్మం. నడవ పక్క కుర్చీ పట్టుకోండి, మైకు తిరిగేది అక్కడే. ప్రశ్న రెండు లైన్లు మించకుండా కాగితం మీద రాసుకోండి. సొంత కేసు వివరాలు చెప్పొద్దు, వక్త వెంటనే మీ లాయర్ని అడగమంటారు. అదే విషయాన్ని "ఇలాంటి సందర్భంలో చట్టం ఏమంటుంది" అని అడిగితే చెప్తారు. ప్రశ్నలు తీసేస్తే అలిగి ఇంటికి పోకండి, టీ బల్ల దగ్గర ఆగండి, స్టేజీ ఎక్కని అధ్యాపకులు అక్కడ ఉంటారు. ఊరి బయట క్యాంపస్ అయితే ఆఖరి బస్సు టైము గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన్ని వెళ్లేటప్పుడే అడిగి పెట్టుకోండి, రిసెప్షన్లో అడిగితే క్యాబ్ బుక్ చేసుకోమంటారు.